జరిగిన దిబ్బ

నాయనా,

నువ్వు సముద్రంలో పోయి నేటికి ఏడాది. ఈరోజు కాలేజీకి పోకుండా, ఒకచోట కూర్చోలేక ఒడ్డు వెంట తిరుగుతూ అన్న కట్టుమరం కోసం చూశాను.

నీళ్ల కింద ఇసుక దిబ్బ ఉందనీ, దాని చుట్టూ చేపలు చేరతాయనీ అన్నకు చెప్పావు. సముద్రం మీంచి ఒడ్డు వైపు చూస్తే చర్చి శిఖరం వెనక మిల్లు పొగగొట్టం దాగిన చోటే దానికి గుర్తు. చివరిసారి నువ్వు వెళ్లిందీ అక్కడికే. అన్న వారం రోజులుగా ఆ చోట తాడుకు రాయి కట్టి దించుతున్నాడు. లోతే తప్ప దిబ్బ తగల్లేదు.

"నాయన గుర్తు తప్పు చెల్లే. కట్టుమరం అమ్మేసి హార్బరు కూలికి పోతా," అన్నాడు నిన్న. అమ్మ వింటూనే ఉంది. నేను ఊరుకోలేకపోయాను.

"గుర్తు తప్పు కాదన్నా, దిబ్బే జరిగుంటది. పోటుకూ ఆటుకూ అడుగు నీళ్లు అటూ ఇటూ పోతాయి. జోరు ఎక్కువున్న పక్కకు ఇసకను కొంచెం కొంచెంగా మోసుకుపోతాయి. ఉత్తరంగా పోయి చూడు."

"మీ కాలేజీలో ఇసకకు కాళ్లు మొలిపించినారా?" అని నవ్వాడు గానీ, తెల్లారి అటే వెళ్లాడు.

ఎండెక్కాక వచ్చాడు. కట్టుమరం ఒడ్డుకు లాగి, నా వైపు చూడకుండా అమ్మతో అన్నాడు: "ఆడుండాది అమ్మా. చర్చి పక్కన పొగగొట్టం సగం కనబడేదాకా పోతే రాయి దిబ్బకు తగిలింది."

అమ్మ అమ్మకం మాట ఎత్తలేదు. "ఏ పక్కకు జరిగింది రా?" అంది.

"మన ఇంటి దిక్కుకే."

అప్పటి నుంచి అమ్మ సముద్రం వైపు చూస్తూ, నువ్వూ ఇటే వస్తున్నావన్నట్టు వాకిట్లోనే కూర్చుంది, నాయనా. లోపలికి రమ్మనడానికి నాకు నోరు రావడం లేదు.