బిల్లులో చివరి పద్దు

బాబాయికి,

కొత్త బండి ఎలా నడుస్తోందని అడగడానికి నాకు మొహం చెల్లడం లేదు.

ఆ రోజు షోరూమ్‌లో మీరు బిల్లు చదవబోతుంటే పిన్ని, "మన పిల్ల కొట్టిన బిల్లే కదండీ, ఇంకా చూసేదేముంది?" అంది. మీరు నవ్వేసి సంతకం పెట్టారు.

బండి ధర, రోడ్డు టాక్సు, రిజిస్ట్రేషను, ఇన్సూరెన్సు న్యాయమైనవే. వాటి కింద "హ్యాండ్లింగ్ ఛార్జీలు" అని చివరి పద్దు ఒకటుంది. బండిని లారీలోంచి దించి, తుడిచి పెట్టినందుకట. ఆ ఖర్చు షోరూముది, కొనేవాళ్ళది కాదు. గట్టిగా అడిగినవాళ్ళకి తీసేస్తాం. మీరు అడగలేదు. మేనేజరు నా కుర్చీ వెనకే నిలబడ్డాడు, నేను నోరు మెదపలేదు.

అదొక్కటే కాదు. ఆ పద్దు తీసేస్తే నా ఇన్సెంటివ్ తగ్గుతుంది. ఈ మాట ఇందాక రాసి కొట్టేశాను, మళ్ళీ రాస్తున్నాను.

డబ్బు చాలక హెల్మెట్ వచ్చే నెల కొంటానన్నారు. ఆ పద్దు డబ్బుతో మీ ఇద్దరికీ రెండు వచ్చేవి. వెళ్తూ పిన్ని నా తల నిమిరి, "నువ్వున్నావు కాబట్టి సరిపోయింది, లేకపోతే నిలువునా ముంచేవాళ్ళు" అంది.

సోమవారం బిల్లు పట్టుకుని రండి. మేనేజరు ముందే ఆ పద్దు మీద వేలు పెట్టి, ఇదేమిటని నన్నే అడగండి. ఈసారి నిజం చెప్తాను.

బస్సులోనే రండి బాబాయ్. మీరు హెల్మెట్ లేకుండా బండెక్కుతున్నారని తలుచుకుంటే నాకు ముద్ద దిగడం లేదు.

మీ అన్నయ్య కూతురు