తీర్పు తర్వాత మజ్జిగ

మక్తల్, ఆగస్టు 1966. బుధవారం రాత్రి.

తీర్పు చెప్పేవాడు పొరుగూరివాడై ఉండాలి, తీర్పు అయ్యేదాకా ఇరుపక్షాల ఇంట మంచినీళ్లయినా ముట్టకూడదు. ఇక్కడి గొర్రెల కాపరుల కట్టుబాటు అది. అందుకే తీర్పు చెప్పమని పంచాయితీకి పిలుపొస్తే నా భార్య లక్ష్మి నాకు సద్ది కట్టి ఇచ్చేది. ఆమె పోయాక ఇదే మొదటి పిలుపు. ఉత్త చేతులతో వెళ్లాను.

మల్లమ్మ గొర్రెలు కుంటకు పోయే దారికి ఆమె మరిది ముళ్లకంప వేశాడు. దారి పొడవునా అతని జొన్నచేను. నా పెదవులు ఎండిపోవడం చూసి మల్లమ్మ చెంబుతో మజ్జిగ తెచ్చింది.

"జర సల్ల తాగు సారూ. గింత సల్లకే తీర్పు నా దిక్కు వంగుతదా?"

"వద్దమ్మా."

కోత దాకా మందను చుట్టు తిప్పి వాగుకు తోలుకోవాలన్నాను. మల్లమ్మ ఓడింది.

"ఎందుకు గట్ల జెప్పినవో నా మొకం జూసి చెప్పు. చెప్పినంకనే లెవ్వు."

చుట్టు తిరిగితే మంద అలసిపోతుంది, చేను తొక్కితే ఏడాది గింజలు పోతాయి అన్నాను.

ప్రపంచ న్యాయస్థానం ఏళ్ల తరబడి వాదనలు విని, ఫిర్యాదు చేసిన దేశాలకు అసలు అడిగే హక్కే లేదన్నదని పోయిన నెల పేపర్లో చదివాను. కళ్లు మూస్తే ఆ జడ్జీలు నల్లగౌన్లలో సముద్రం ఒడ్డున కూర్చుని ఉన్నారు, ఒళ్లో సద్దిమూటలు. ఎవరు కట్టి ఇచ్చారో. లక్ష్మి వాళ్ల మధ్య నడుస్తూ ఒక్కో మూట విప్పి చూస్తోంది. ఓడినవాళ్లు ఆ జడ్జీల ముఖం చూసి ఎందుకని అడగాలంటే ఎంత దూరం పోవాలి...

మల్లమ్మ మాత్రం, నేను లేవబోతుంటే, అదే చెంబు మళ్లీ తెచ్చింది.

"ఇగ తాగు సారూ. తీర్పు అయిపాయె గద."

తాగాను. ఉప్పు సరిగ్గా లక్ష్మి వేసినంతే ఉంది.