గసగసాల పొట్లం

దుబాయి విమానాశ్రయంలో తనిఖీ చేసే అధికారి గారికి,

నాకు తెలుగే వచ్చు, దయచేసి ఎవరిచేతనైనా చదివించుకోండి. మాది కడప జిల్లా ప్రొద్దుటూరు, బట్టల వ్యాపారం. మీ ఊరు చూడటానికి కుటుంబమంతా వచ్చాము. పొద్దున మీరు లోపలికి తీసుకెళ్లిన శ్రీవాణి నా కోడలు. ఆమె పెట్టెలో దొరికిన గసగసాలు నావి. ఇక్కడ అవి నిషేధమని తెలియదు. మా ఇంట్లో అవి నూరి వేయనిదే కుర్మా దించరు.

"ఆడ అన్నీ దొరుకుతాయి, వద్దత్తా" అని ఆమె అన్నందుకే, చెప్పకుండా చీర మడతలో పొట్లం పెట్టాను.

ఎవరిదని మీరడిగినప్పుడు ఆమె నావైపు చూసింది. నా కొడుకు నా చెయ్యి నొక్కి, "గమ్మునుండుమా, నిన్ను గూడా పట్టుకపోతారు" అన్నాడు. నేను తల దించుకున్నాను.

బయట బెంచీ మీదే ఉన్నాను, పిలవండి. ఆమె నాకు భయపడి నా పేరు చెప్పదు. నేను మీకు భయపడి ఇంతసేపూ చెప్పలేదు.

ఇట్లు,
శ్రీవాణి అత్త