చెంబు మీద పేరు

12 జనవరి 1955
అత్తమ్మ మళ్ళీ సూర్యా అని పిలిచింది. పలికాను.

సూర్యప్రభ మా ఆయన మొదటి భార్య, పోయి చాలా ఏళ్ళయింది. ఈ ఇంట్లో బిందెలు, గిన్నెలు, కంచాలు అన్నిటి మీదా ఆమె పేరే చెక్కి ఉంది. గోదా అని నా పేరు ఎక్కడా లేదు. చార్మినార్ దగ్గర దుకాణంలో ఒక్క చెంబు మీదైనా నా పేరు చెక్కించండని ఆయన్ను అడిగాను. ఉన్న పేరు మంచిగనే ఉన్నది గద, ఉత్తగ ఖరాబ్ చేసుడెందుకని నవ్వారు. ఒళ్ళు మండిపోయింది.

20 జనవరి
కథ మొదలుపెట్టాను! ఇంగ్లీషువాళ్ళ కాలం. రెసిడెన్సీలో దొరసాని దగ్గర ఒక ఆయా. దొరసానికి నోరు తిరగదు, ఏ ఆయా వచ్చినా మేరీ అనే పిలుస్తుంది. ఈమెకు మిగిలింది పుట్టింటి చెంబు ఒక్కటే. దాని మీద అసలు పేరు, రమాబాయి. రోజూ చింతపండుతో తోమి, ఆ పేరు చదువుకుని పడుకుంటుంది.

2 ఫిబ్రవరి, మధ్యాహ్నం
అత్తమ్మ కునుకు తీస్తోంది. దొరసాని ఆ చెంబును పూలు పెట్టుకోవడానికి తీసేసుకుంది. అది నాది అని రమాబాయి అనలేదు. రాస్తుంటే ఏడుపొచ్చింది. ఛీ, నా కథకి నేనే ఏడవడమేంటి.

9 ఫిబ్రవరి
ఆయన చదివారు. కళ్ళు తుడుచుకున్నారు. మస్తు రాసినవ్, వీక్లీ ఎడిటర్ జగన్నాథం నా దోస్తే, నేనే ఇచ్చొస్త, ఫికర్ చెయ్యకు అన్నారు. చివర గోదా అని రాసిన చోట ఇంకోసారి చూసుకుని ఇచ్చాను. ఇత్తడి మీద కాకపోతే కాగితం మీద.

3 మార్చి
రాలేదు.

17 మార్చి
వచ్చింది. కథ కింద, రచన: సూర్యప్రభ.

ఆమె గుర్తుగ ఉంటదని నేనే మార్పించిన, చెంబు మీది పేరు గురించి నువ్వు గూడ గందుకే రాసినవ్ గద అన్నారు. అంటూ నా తల నిమిరారు. పెళ్ళయ్యాక ఇంత ప్రేమగా ఎన్నడూ నిమరలేదు. అత్తమ్మ పత్రికను దేవుడి దగ్గర పెట్టి, నా కోడలే, నా కోడలే అని ఏడ్చింది. నేను లోపలికెళ్ళి అన్నం వార్చాను.

నాది అని అనొచ్చు. అనలేదు. రమాబాయి చేత అననివ్వనిది కూడా నేనే.

18 మార్చి
నా కంచం వెనక మేకుతో చెక్కడం మొదలుపెట్టాను. ‘గో’ దాకా వచ్చింది. అత్తమ్మ సూర్యా అంది.

పలికాను.