చెయ్యి లేపకుండ వేసే బంతి

డిసెంబర్ 2
దవాఖానకు పోయొచ్చిన. స్కూటీ మీదకెల్లి పడ్డప్పటి నుంచి ఈ కుడి భుజం సతాయిస్తనే ఉంది. చెయ్యి తల మీదికి లేపొద్దట. "మరి బౌలింగు?" అంటే డాక్టర్ నవ్విండు. నవ్వేటందుకు ఏముంది అండ్ల.

డిసెంబర్ 3
సూర్యాపేట లేడీ టీచర్ల టీమ్ మొదటిసారి ఫైనల్‌కొచ్చింది. ఇరవైన మిర్యాలగూడల, కోదాడోళ్ల మీద. మా కెప్టెన్ సరితా మేడం — "పద్మా, నువ్వు కూసొని స్కోరు రాయి." పీఈటీని నేను. స్కోరు రాయాల్నట.

డిసెంబర్ 6
పాత క్రికెట్ పుస్తకం దొరికింది. ఎన్కట ఇంగ్లండ్‌ల అందరూ చెయ్యి కింద నుంచే వేసేటోళ్లట. అండ్ల ఒకాయన, చెప్పులు కుట్టేటోడు... దొరలకు చుక్కలు చూపిచ్చిండట. పిచ్ యాడ వెయ్యాల్నో గూడ ఆ రోజుల్ల బౌలరే సూస్కునేటోడు. ఈయన పొద్దుగాలనే పోయి, నేల జర వాలుగ ఉన్నకాడ వికెట్లు పాతిచ్చేటోడట. మనోడే.

డిసెంబర్ 7
చివ్వెంల, అమ్మగారూరు. అన్న వరి కోసిన మడిల గట్లనే కింద నుంచి వేసి చూసిన. చెయ్యి నడుము దాటలే, నొప్పి లేదు. బంతి కోసినంక మిగిలిన వరి కొయ్యకాలుకు తాకి ఎటువడితే అటు తిరుగుతుంది. అన్న ఔట్. మళ్ల ఔట్. "గిదేం బౌలింగే, గోళీలాట లెక్కుంది." ఔటయినోడికి మాటలెక్కువ.

డిసెంబర్ 11
సరితా మేడం ఒప్పుకుంది. కని రూలుందట — ఇట్ల వెయ్యాల్నంటే ఆట మొదలుగాక ముందే అవతలి కెప్టెన్ గూడ సరే అనాలె. అవతలి కెప్టెన్ ఎవరు? మా వదినె. మా ఆయన సొంత అక్క. ఇగ అయినట్టే.

డిసెంబర్ 14
కోదాడ పోయినం. వదినె చేపల పులుసు పెట్టింది. అడిగేది అడిగి ఊకోవచ్చు గదా... చెప్పులాయన కత, పిచ్ కత, వాలు కత, అన్నీ చెప్పిన. టేబుల్ కింద మా ఆయన నా కాలు తొక్కుతనే ఉన్నడు. నా నోరు ఆగితే గదా. వదినె అంతా విని — "బాగుందమ్మా. ఆలోచించి చెప్తాలే."

డిసెంబర్ 17
వదినె ఫోన్ ఇంకా రాలే.
పుస్తకం ఖతం. కొత్తోళ్లు చెయ్యి లేపి వెయ్యవట్టినంక చెప్పులాయనను పక్కకు పెట్టిండ్రట. ఆఖరికి గ్రౌండ్ బయట కూసొని వాళ్ల బూట్లే కుట్టిండట. ఏడుపొచ్చింది. నేను మాత్రం బయట కూసోను.

డిసెంబర్ 18
వదినె ఫోన్. "వేసుకో పద్మా, నాకేం భయం లేదు. కానీ పిచ్ మ్యాట్ ఎక్కడ పరవాలో నేనే చూసుకుంటాను. మీ చెప్పులాయన లాగా." నవ్వుకుంట పెట్టేసింది. నా కతతోనే నన్ను కొట్టింది.

డిసెంబర్ 20, మిర్యాలగూడ
మంచు ఇంకా ఇడువలే. వదినె నాకంటే ముందే వచ్చింది. గ్రౌండంతా తిరిగి, సాఫుగ ఉన్న జాగ చూసి మ్యాట్ పరిపిచ్చింది. "చూశావా, బల్లలా ఉంది."

చెప్పులిడిచి మ్యాట్ మీద నడిచిన. ఆ కొసకు, వికెట్ల ముందట, పాదం జర ఎడమకు జారింది. ఆ వాలు కంటికి కనవడది, కాలికే తెలుస్తది. వదినె బూట్లేసుకొని ఉంది.

"మంచిగుంది వదినె" అన్న.

టాస్ వాళ్లదే, బ్యాటింగ్ తీసుకుండ్రు. మొదటి ఓవర్ నాకిచ్చిండ్రు. ముందుగాల దిగేది వదినెనే. ఇగ పిలుస్తుండ్రు...