తలుపు మూస్తే దిగని అద్దం

మేడ్చల్ నుంచి

మా అప్పకు,

గౌరి నమస్కారాలు. ఇక్కడ నేనూ మీ మరిదీ బాగానే ఉన్నాం. బావ నడుం నొప్పి ఎలా ఉంది? నీ దగ్గు తగ్గిందా? పండు అన్నం తింటోందా, ఇంకా ముద్ద బుగ్గన పెట్టుకుని ఊరంతా తిరుగుతోందా? ఫోన్లో "బాగున్నాను, తిన్నాను" తప్ప నేనేమీ చెప్పనని పోయినసారి కోప్పడ్డావు. నిజమే అప్పా. ఫోను చెవి దగ్గర పెట్టుకుంటే నీ వెనకాల పండు గొంతు వినపడుతుందేమోననే ధ్యాస తప్ప నాకింకేం తోచదు. అందుకే ఈ ఉత్తరం. పని తెమిలాక తీరిగ్గా చదువుకో.

ముందు, పోయిన వారం రావాల్సినదాన్ని ఎందుకు రాలేదో చెప్తాను. బడులు తెరిచేలోగా పండును ఇక్కడికి తెచ్చుకోవాలన్న మాట నేను మరిచిపోలేదు. పని కోసం ఇటు వస్తూ నా కూతుర్ని చంకలో పిల్లగా నీకు అప్పగించి వచ్చాను, ఇప్పుడది బడికి వెళ్లే పిల్లయింది. నేను రానందుకు నీకు కోపం వచ్చి ఉంటుంది. ఆ కోపం కింద కాస్త నిమ్మళంగా కూడా ఉండి ఉంటుంది, నాకు తెలుసు. నన్ను ఆపింది ఒక కారు. నవ్వకు.

మా షెడ్డులో పాత కార్లు బాగుచేస్తారు కదా. సీట్లకూ, డోర్ ప్యాడ్లకూ, అంటే తలుపుకు లోపలివైపు ఉండే మెత్తటి అట్టలకూ, తోలు కుట్టి బిగించేది నేనొక్కదాన్నే. శామీర్‌పేట చెరువు అవతల ఉండే డాక్టరమ్మ ఒకావిడ తన ఎర్ర కారు తెచ్చింది. రెండే తలుపులు, నేలకు ఆనుకుని ఉంటుంది. వయసులో ఉన్నప్పుడు కొనుక్కున్న స్పోర్ట్స్ కారట. ఆ రోజుల్లోనే బటన్ నొక్కితే అద్దం దిగేదట. ఇప్పుడు డ్రైవరు వైపు అద్దం మొరాయించింది. నేను సెలవు అడిగితే మా యాదగిరి సేఠ్, "గా డాక్టరమ్మ బండి పోయినంక నువ్వు పో బిడ్డా. పది దినాలు ఉండి రా. నేనేమన్న వద్దంటున్ననా?" అన్నాడు. సరే, సీట్లు కుట్టేస్తే అయిపోతుంది కదా అనుకున్నాను. సీట్లు అయ్యాయి. అద్దం కాలేదు.

కరెంటు పని చూసేది ఖాదర్ భాయ్. మంచి పనివాడు. ఫ్యూజు మార్చాడు. స్విచ్చి విప్పి శుభ్రం చేశాడు. అద్దం చక్కగా దిగింది, ఎక్కింది. డాక్టరమ్మ తీసుకెళ్లింది. తెల్లారి ఫోను, పనిచేయడం లేదని. మళ్లీ తెచ్చింది. ఈసారి మోటారు బయటికి తీసి, గట్టిపడిన గ్రీజు గీకి, కొత్తది పూశాడు. మళ్లీ బాగానే పనిచేసింది. మళ్లీ ఇంటికెళ్లి మొండికేసింది. వాళ్లు తలుపు విప్పిన ప్రతిసారీ డోర్ ప్యాడ్ తీసేదీ బిగించేదీ నేనే కదా. ఆ పాత క్లిప్పులు అప్పడాల్లా విరిగిపోతాయి. ఒకరోజు బిగిస్తూ బిగిస్తూ ఆ కారును నోటికొచ్చిన తిట్లన్నీ తిట్టాను. మన బారువ యాసలో తిట్టాను కాబట్టి ఎవరికీ సగం అర్థం కాలేదు.

ఖాదర్ భాయ్ అయితే తేల్చేశాడు. "గీడ మంచిగనే దిగుతాంది. మేడమ్‌కే నొక్కుడు వస్తలేదు."

బండి మళ్లీ తెచ్చిన డాక్టరమ్మ ఆ మాట వినేసింది. "ఇన్నేండ్లు సూదులిచ్చిన చెయ్యి ఇది, బటన్ నొక్కుడు రాదా? మీ షెడ్డుల పనిచేస్తది, రోడ్డెక్కంగనే సస్తది. ఒకరు నా పక్కన కూసోండ్రి, మీ కండ్లతోనే చూడుండ్రి."

అందరూ ఎవరి బట్టలు వాళ్లు చూసుకున్నారు. గ్రీజు బట్టలతో గిరాకీల కార్లలో కూర్చోకూడదని సేఠ్ కట్టడి. ఎవరైనా సరే తలుపు బార్లా తెరిచి, బయటే నిలబడి, వంగి పని చూసుకోవాల్సిందే. కుట్టుపని కాబట్టి నా చీర ఒక్కటే శుభ్రంగా ఉంది. "గౌరమ్మా, నువ్వు పో, జర చూసి రా" అన్నాడు సేఠ్. ఆ కారు వదిలితే చాలు, ఎక్కడికైనా వెళ్తానని ఎక్కి కూర్చున్నాను.

నేల మీద పీట వేసుకుని కూర్చున్నట్టే ఉంది అప్పా. పక్కన లారీ చక్రాలు మన తలకంటే ఎత్తు. శామీర్‌పేట చేరేసరికి డాక్టరమ్మ బటన్ నొక్కి చూపించింది. అద్దం కదల్లేదు. ఆవిడ చెరువు పక్కన కారు ఆపి, ఉక్కపోతకు తట్టుకోలేక తలుపు తెరిచింది. బటన్లు రెండు సీట్ల మధ్యన ఉంటాయి. ఊరికే నేనూ నొక్కి చూశాను. అద్దం జుయ్యిమని దిగింది! తలుపు మూసింది, ఆగిపోయింది. తెరిచింది, దిగింది. రోడ్డు పక్కన ఇద్దరం చిన్నపిల్లల్లా తలుపు తెరుస్తూ మూస్తూ కూర్చున్నాం.

వెంటనే ఖాదర్ భాయ్‌కి ఫోను చేశాను. "అరె! తలుపు తెరిచే చూసిన గానీ మూసి సూడనే లేదు గద! మస్తు పరేషాన్ జేసింది గీ బండి. జల్దీ తీసుకరాండ్రి" అన్నాడు.

వెంటనే వెనక్కి రాలేదు. డాక్టరమ్మ కాసేపు గాలికి కూర్చుందామంది. ఎదురుగా అన్ని నీళ్లు చూసేసరికి నాకు మన సముద్రం గుర్తొచ్చింది. ఎవరో వల విసురుతున్నారు. నీళ్లున్నాయి కానీ అలల చప్పుడు లేదు. ఇక్కడికొచ్చి ఇన్నాళ్లయినా ఆ చప్పుడు లేకుండా నాకు సరిగ్గా నిద్ర పట్టదు. కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆవిడ ఏమైందంటే పండు సంగతంతా చెప్పేశాను.

"పిల్ల నిన్ను గుర్తువడుతదా?" అని అడిగింది.

గుర్తుపడుతుంది, ఫోన్లో నన్ను హైదరాబాద్ అమ్మ అంటుంది అన్నాను.

"మరి మీ అక్కను?"

ఉత్త అమ్మ అంటుందని చెప్పాను.

"మీ అక్కకు పిల్లలున్నరా?"

లేరన్నాను. ఆవిడ కారు తిప్పింది. దారంతా నీ ఇల్లే నా కళ్ల ముందు మెదిలింది. ఇన్నాళ్లూ నా పిల్ల నాకు దూరమైందనే ఏడ్చాను గానీ, నేను దాన్ని తెచ్చుకున్న మర్నాడు నీ ఇల్లు ఎలా ఉంటుందో ఒక్కసారి కూడా ఆలోచించలేదు అప్పా.

కారు బాగైంది. తలుపు కీలు దగ్గర రబ్బరు గొట్టంలోంచి వైర్లు వెళ్తాయి. తెరిచీ మూసీ లోపలి రాగి తెగిపోయింది, పైన తొడుగు మాత్రం నిక్షేపంగా ఉంది. తలుపు తెరిచినప్పుడు కొసలు తగులుతాయి, మూస్తే విడిపోతాయి. ఖాదర్ భాయ్ కొత్త వైరు అతికాడు. ఈసారి సీటు మీద పాత దుప్పటి పరిచి, లోపల కూర్చుని, తలుపు మూసుకుని మరీ నొక్కి చూశాడు. నేను ప్యాడ్ బిగించాను. సేఠ్ మాట తప్పలేదు, సెలవిచ్చాడు.

శనివారం రైలెక్కుతాను. సోంపేటలో దిగి ఆటో మాట్లాడుకుంటాను, బావ ఎండలో స్టేషనుకు రానక్కర్లేదు. కాసిని ఎండు నెత్తళ్లు తీసి ఉంచు, ఇక్కడ దొరికే ఎండుచేపలు మీ మరిదికి నచ్చవు. పండు ఆధార్ కార్డు వెతికి పెట్టు, బడిలో అడుగుతారు. ఇంకొకటి. మొన్న బజార్లో నేనూ మీ మరిదీ దానికి చెప్పులు కొందామని నిలబడ్డాం. ఏ సైజో ఇద్దరికీ తెలియలేదు. కొనకుండా వచ్చేశాం. దాని పాదం కాగితం మీద గీసి ఫొటో పంపు.

మా గది చిన్నదే, కానీ నువ్వొచ్చి ఎన్నాళ్లైనా ఉండొచ్చు. బావను ఒప్పించి మాతోపాటే రైలెక్కు. రాలేనంటే నేను బలవంతపెట్టను. కానీ పండును తీసుకెళ్లకుండా మాత్రం ఉండలేను. ఈ మాట ఫోన్లో చెప్పే ధైర్యం లేక ఇంత రాశాను.

బావకు నా నమస్కారాలు. వీధిలో పెద్దవాళ్లందరినీ పేరుపేరునా అడిగానని చెప్పు. నా మీద కోపం ఉన్నా నన్ను చల్లగా ఉండమనే దీవించు.

నేను వచ్చేలోగా పండు బట్టలు నువ్వొక్కదానివే సర్దకు. ఇద్దరం కూర్చుని సర్దుదాం.

నీ చెల్లెలు
గౌరి