వామి విప్పిన రోజు

గుండ్లమిట్టపల్లె,
జమ్మలమడుగు తాలూకా,
27-7-2003, ఆదివారం

అమ్మా అంకాలమ్మా, ఏటిగడ్డపల్లె మీదికి మన ఊరోళ్లు పోవాల్సిన దాడి ఆగిపోయింది, మీ తమ్ముడు బాలన్న కత్తి పట్టకుండా గొర్రెల దగ్గరే ఉన్నాడు, రెండు ఊర్లలో ఒక్క మనిషికి చిన్న గీత కూడా పడలేదు.

ఈ మాట ముందు రాయకపోతే చేయి కదిలేటట్టు లేదు. రాసేశాను. ఇప్పుడు మర్యాదగా మొదలుపెడతాను. కువైట్‌లో ఉన్న చిరంజీవి సౌభాగ్యవతి అంకాలమ్మకూ, అల్లుడు ఈశ్వరయ్యకూ నాన్న పెంచలయ్య కడుపు నిండా దీవించి రాసేది. ఇక్కడ నేనూ, మీ అమ్మ పెద్దసుబ్బమ్మా, బాలన్నా, గొర్రెలూ అంతా క్షేమం. వాన ఇంకా రాలేదు. వస్తుంది, ఇంత మంచి జరిగిన ఏడు వాన మాత్రం ఎందుకు రాదు.

ఫోన్ చేయొచ్చు కదా నాయనా అంటావు. ప్రొద్దుటూరు పోయి ఫోన్ బూతులో నిలబడ్డాను కూడా. నంబరు కలిసేలోగా నా వెనక ఆరుగురు చేరి చెవులు రిక్కించారు. ఇది వాళ్లకు అరిచి చెప్పే కబురు కాదు. అందుకే కాగితాలు కొనుక్కొని వచ్చేశాను. నా అయిదో తరగతి అక్షరాలతో నువ్వే తంటాలు పడు.

మార్చిలో ఇరాక్ మీద యుద్ధం మొదలు కాకముందు నుంచే నేను దినం మార్చి దినం జమ్మలమడుగు పోయేవాణ్ణి. బస్టాండు పక్కన నూరుల్లా టీ అంగడి నీకు గుర్తుంది కదా, వాళ్ల తమ్ముడు అల్లాబక్ష్ మీ కువైట్‌లోనే డ్రైవరు. అక్కడ టీవీ ఉంది. సైరన్ మోగితే మీ యజమానురాలి పిల్లల్ని మెట్ల కింద కూర్చోబెట్టి మూతికి తడిగుడ్డ కడుతున్నానని నువ్వు రాసిన ఉత్తరం జేబులో పెట్టుకొని ఆ టీవీ ముందు కూర్చునేవాణ్ణి. అమెరికా దొరలూ, ఇంగ్లండు దొరలూ కోట్లు వేసుకొని చెప్పేవారు. ఆ దేశపు రాజు దగ్గర విషపు బాంబులున్నాయట, నలభై ఐదు నిమిషాల్లో వేయగలడట, ముందు మనం కొట్టకపోతే వాడే కొడతాడట. ఆకాశం నుంచి తీసిన ఫోటోలు పెట్టి కర్రతో చూపించేవారు, ఇదిగో ఈ కప్పు కిందే ఉన్నాయని. అంత చదువుకున్నవాళ్లు అబద్ధం చెబుతారా అనుకున్నాను. నిజం చెబుతున్నాను తల్లీ, నువ్వు అక్కడున్నావు కాబట్టి ఆ కొట్టేదేదో త్వరగా కొట్టి ముగించండి అని కూడా అనుకున్నాను.

తర్వాత మే నెలలో నీ ఉత్తరం వచ్చింది. ఆ రాజు ఊరు పట్టుకున్నారు, గడపగడపా వెతుకుతున్నారు, ఏమీ దొరకలేదు అని రాశావు. ఆ రాజు పోయినందుకు మీ యజమానురాలు సంతోషపడింది, పదమూడేళ్ల కిందట ఆమె అన్నను వాడి మనుషులు పట్టుకుపోతే మళ్లీ తిరిగి రాలేదు కదా. అట్లాంటి ఆమె కూడా మరి ఆ బాంబులేవి అని అడిగిందని రాశావు. టీవీలో ఒక తల్లి కూలిపోయిన ఇంటి ముందు వంటగిన్నెలు ఏరుకుంటుంటే నువ్వు అన్నం తినలేకపోయానని రాశావు. ఆ ఉత్తరం నేను నాలుగుసార్లు చదివాను. అది నాకు ఎంత పనికొచ్చిందో ఇప్పుడు చెబుతాను.

జూన్ చివర్లో పెద్దాయన చీనీతోటలో నలభై చెట్లు ఎవరో నరికేశారు. పెద్దాయన అంటే మన ఊరి పార్టీకి పెద్ద, పేరు రాయను. బత్తాయిలు కాపుకొచ్చిన చీనీచెట్టు నరకడమంటే మన సీమలో గొంతు కోసినట్టే. ఎవరు నరికారో చూసినవాడు లేడు, ఈ పొద్దుటికీ తెలియదు. అయినా పెద్దాయన తెల్లారేసరికి ఊరినంతా తన పంచలోకి పిలిపించాడు.

వాళ్లు చెట్లతో ఆగరప్పా, ఏటిగడ్డపల్లెలో సుంకులమ్మ వామిలో నాటుబాంబులు దాచినారంట, వాళ్లొచ్చేదాకా చేతులు ముడుచుకొని కూచుంటే ఏడ్చాల్సింది మన ఆడోళ్లే అన్నాడు. అంత పెద్ద అమెరికావోడే ముందు కొట్టినాడు, మనమేంది లెక్క అన్నాడు. తల్లీ, అది టీవీలో విన్న మాటే, కోటు తీసేసి పంచె కట్టుకొని వచ్చినట్టుంది.

ఎప్పటి మాదిరే ఇంటికొక మనిషి రావాలన్నాడు, గురువారానికి. మన ఇంటి నుంచి బాలన్న. మీ అమ్మ ఆ దినం పొయ్యి ముట్టించలేదు. నేను వద్దురా అంటే బాలన్న, పోకుంటే రేప్పొద్దున గొర్రెల్ని యాడ మేపుతావు నాయనా, గుట్టంతా ఆయనదే గదా అన్నాడు. వాడి మాట కూడా నిజమే. పైగా వాళ్లు పోయేది ఎవరి మీదికి? నీ అత్త సుంకులమ్మ ఇంటి మీదికి. అక్క అత్తగారి ఇంటికి తమ్ముడు నిప్పు పట్టుకుపోవాలి.

మంగళవారం నాకు ఏమీ తోచక నూరుల్లా అంగడికి పోయాను. టీవీలో ఇరాక్‌లో ఇంకా వెతుకుతున్నారని చెబుతున్నారు. నూరుల్లా గ్లాసులు కడుగుతూ, మామా, ఇల్లు తగలబెట్టినాక ఎలుక యాడుందని వెతుకుతాండారు సూడు అన్నాడు. ముందే వెతికేదానికి పోయినోళ్లుంటే, వాళ్ల పని కానీయకుండా వెనక్కి రప్పించినారంట గదా, వెతికితే యుద్ధం పాడవుతాదని భయమేమో అన్నాడు. నేను సగం టీలో గ్లాసు కింద పెట్టేశాను. వామిలో ఏముందో చూడాలంటే కత్తులెందుకు, విప్పితే చాలదా?

మన గొర్రెలోళ్ల పద్ధతి నీకు తెలిసిందే. ఎవరి చేలో మంద కడితే వాళ్లు మనకు మేత ఇస్తారు, ఎరువుకు మేత బదులు. దానికి ఊరూ లేదు పార్టీ లేదు. వామి తీసుకుంటే అడుగు దాకా విప్పుకొని తెచ్చుకుంటాము. ఈ కరువులో గొర్రెలకు మేత అడిగితే నన్ను తప్పుపట్టేవాడెవడు? నూరుల్లాను సాక్షిగా రమ్మన్నాను. అంగడి వాళ్ల ఆడమనిషి బిస్మిల్లా బీకి అప్పజెప్పి, ఒక ట్రాలీ ఆటో మాట్లాడుకొని వచ్చాడు. బుధవారం పట్టపగలు, అందరూ చూస్తుండగా ఏటిగడ్డపల్లెకు పోయాము.

మీ అత్త వాకిట్లో బర్రెకు కుడితి పెడుతోంది. మీ మామ చెన్నయ్య పోయిన తర్వాత, అంటే పదకొండేళ్లలో, నేను ఆ గడప తొక్కలేదు. నీకు మళ్లీ చెప్పనక్కర్లేదు, ఆ ఏడు కూడా ఇదే మాట, వాముల్లో బాంబులున్నాయని. మన ఊరోళ్లు పోయి వాములన్నిటికీ నిప్పు పెట్టారు. మీ మామ చెన్నయ్య బర్రెను విప్పుకొద్దామని కొట్టంలోకి పోయి మళ్లీ బయటికి రాలేదు.

ఏమన్నా, పదకొండేండ్లకు దోవ గుర్తొచ్చిందా అన్నది సుంకులమ్మ. గొర్రెల మేతకు శెనక్కట్టె గావాల చెల్లెమ్మా, వామి మొత్తం, బదులుకు నీ చేలో పది దినాలు మంద కడతా అన్నాను. ఆమె నన్నూ, నూరుల్లానూ, ఆటోనూ చూసింది. కట్టె గావాల్నా, బాంబులు గావాల్నా అన్నది. నేను తల వంచుకున్నాను. ఆమె కట్టె లాగే పంగలకర్ర తెచ్చి నా చేతిలో పెట్టింది.

విప్పన్నా, అడుగు దాకా విప్పు అన్నది. ఆ పొద్దు ఒగ మనిషన్నా ఇట్ల పగలొచ్చి అడిగింటే మా ఆయన ఉండేటోడు, వాములన్నీ కాలినాయి గదా, ఒగటన్నా పేలిందా అన్నది. దుమ్ము కండ్లలో పడిందని మొహం తిప్పుకొని విప్పడం మొదలుపెట్టాను.

ఆ ఊరి పిల్లోళ్లు పదిమంది కట్టెలు పట్టుకొని చుట్టూ నిలబడ్డారు. మధ్యాహ్నానికి వామి అడుగుకు వచ్చింది. రెండు ఎలుకలు పరిగెత్తాయి, ఒక మూల కోడిగుడ్లు దొరికాయి, పన్నెండు. ఎప్పటివో ఏమో, పంగలకర్ర తగిలి ఒకటి టప్పుమని పగిలింది, ఆ కంపు అంతా ఇంతా కాదు. నూరుల్లా ముక్కు మూసుకొని, మామా, పేలింది, పోయి పెద్దాయనకు చెప్పు బాంబు దొరికిందని అన్నాడు. ముందు సుంకులమ్మ నవ్వింది, తర్వాత ఆ పిల్లోళ్లు నవ్వారు. నవ్వేవాడు కట్టె గట్టిగా పట్టుకోలేడమ్మా, నేను కళ్లారా చూశాను.

శెనక్కట్టెనంతా ఆటోకెత్తి తిన్నగా మన ఊరికి తెచ్చాను. ఇంటికి కాదు, పెద్దాయన పంచ ముందుకు. అందరూ చూస్తుండగా ఒక్కొక్క మోపూ విదిలించి కింద వేశాను. నడుము ఇప్పటికీ నొప్పి, కానీ అంత తియ్యటి నొప్పి నా జన్మలో ఎరగను. ఆఖరి మోపు అయిపోయింది. ఆటోలో ఏమీ లేదు.

పెద్దాయన చూసి, నువ్వొస్తాండావని తెలిసి ముందే మార్చేసింటారులే అన్నాడు. నూరుల్లా ఊరుకుంటాడా, అవును పెద్దాయనా, ఆ దొరలు గూడా టీవీలో అదే చెప్తాండారు, పక్క దేశానికి మార్చేసినారంట అన్నాడు. వెనక నుంచి ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ పంచలో పెద్దాయన ముందు నవ్వు వినపడడం నాకు తెలిసి అదే మొదలు.

అప్పుడు మీ అమ్మ ముందుకొచ్చింది. నాతో కూడా గట్టిగా మాట్లాడని మనిషి. బాంబులు యాడుండాయో నా కండ్లకు చూపీప్పా, నేనే నా కొడుకును తోడుకోనొస్తా, అందాక మా ఇంట్లోనించి మనిషి రాడు అన్నది. పక్కింటి ఆమె కూడా మాదీ అంతే అన్నది. గురువారం తెల్లారి పెద్దాయన పంచకు ఇద్దరే వచ్చారంట, ఆ ఇద్దరూ ఆయన జీతగాళ్లే.

ఆయన వారం దినాలు పులివెందులలో కూతురింట్లో ఉండి వచ్చి, పెంచలయ్య గొర్రెలు గుట్టెక్కకూడదని కబురు పంపాడు. పోనీలే. ఏటి పక్క మేపుకోమని ఏటిగడ్డపల్లె వాళ్లే పిలిచారు. మొన్న సోమవారం నుంచి మన ఊరి దగ్గరే తిరిగిపోయే బస్సు ఆ ఊరి దాకా పోతోంది. బాలన్న ఆ బస్సెక్కి మీ అత్తకు జొన్నలు ఇచ్చి వచ్చాడు, ఆమె వాడికి అన్నం పెట్టింది.

ఒకటి మాత్రం నా మొద్దు బుర్రకు బాగా ఎక్కింది. ఆ ఇరాక్ రాజు మంచివాడని ఎవరూ అనలేదు. ఏటిగడ్డపల్లె పార్టీ పెద్ద కూడా ఏమంత ముత్యం కాదు. అవతలివాడు చెడ్డవాడైనంత మాత్రాన మనం చెప్పిన అబద్ధం నిజమైపోదు. అక్కడ సముద్రాలు దాటి వచ్చి కొట్టారు, ఇక్కడ వంక దాటి పోయి కొడతారు, అంతే తేడా. మాట మాత్రం ఒకటే. ఆ మాట పుట్టినప్పుడే ఎవరైనా నిలబడి చూపించమని అడగాలి. మన ఊర్లో అడిగారు తల్లీ. అడిగింది మీ అమ్మ. నా సంతోషానికి పట్టపగ్గాల్లేవు.

అల్లుడి ఆరోగ్యం జాగ్రత్త. ఎండల్లో నీళ్లు బాగా తాగండి.

మీ మేలు కోరే నాన్న,
పెంచలయ్య

తా.క. ఇది మరిచిపోయి కింద రాయడం లేదు. పైన రాయడానికి ధైర్యం చాలలేదు.

పదకొండేళ్ల కిందట అదే పంచలో పెద్దాయన నన్ను నిలబెట్టి, నువ్వు మందతో రెండూళ్లూ తిరుగుతాంటావు గదా, ఏటిగడ్డపల్లె వాముల్లో బాంబులు చూసినావా లేదా అని అడిగాడు. గొర్రెలోడి మాటను రెండు ఊర్లూ నమ్ముతాయి కాబట్టి నన్నే అడిగాడు. మొదట ఉండొచ్చు అన్నాను. ఉండొచ్చా, చూసినావా అన్నాడు. నా గొర్రెలు ఆయన గుట్ట మీదే ఉన్నాయి. చూసినా అన్నాను. నేను ఏమీ చూడలేదు. ఎవరి వామి అని నేను చెప్పలేదు, ఎవరిదీ కాకుండా పోతుందిలే అనుకున్నాను. ఆ మాట మీదనే వాళ్లు పోయారు. చెన్నయ్య దానికే పోయాడు. నేను చూడలేదని నాకు తెలుసు, నిన్నటి దాకా ఒక్కరికీ చెప్పలేదు.

నీకు కోపం రావడం న్యాయం. కోపంతోనే అయినా జవాబు రాయి. నా సంతోషం మాత్రం తగ్గలేదమ్మా, బాలన్న ఆ పంచలో నిలబడి నా మాదిరి చూసినా అని చెప్పే అవసరం రాలేదు.

మంచి కబురుతో పాటు ఇది కూడా వీళ్లందరికీ తెలియాలి. మొదట అల్లుడు ఈశ్వరయ్యకు, పోయింది ఆయన తండ్రి కాబట్టి, ఈ కాగితమే చేతికివ్వు. తొండూరులో ఆయన అక్కకు, దువ్వూరులో చెన్నయ్య చెల్లెలికి మీరు ఫోన్ చేయండి. అల్లాబక్ష్‌కు చెప్పు, వాళ్లన్న నూరుల్లా నన్ను మంచివాడనుకొని వెంట వచ్చాడు. ప్రొద్దుటూరులో మీ చిన్నాయనకూ, పులివెందులలో మీ పిన్నమ్మకూ బాలన్న పోయి చెబుతాడు. వాడికీ, మీ అమ్మకూ నిన్న చెప్పాను. సుంకులమ్మకు మాత్రం మీరెవరూ చెప్పొద్దు. రేపు పొద్దున్నే పోయి నేనే చెబుతాను.